పాత బైక్ ఫెయిరింగ్: కంపెనీదా, బయటదా?

ముందు ఫెయిరింగ్‌ని, అంటే గాలిని అడ్డుకోవడానికి బైక్ ముందు బిగించే తొడుగుని, విప్పి లోపలివైపు చూడండి. అచ్చులోనే పార్ట్ నంబర్ ఉంటే చాలావరకు కంపెనీదే. గరుకు ఫైబర్‌గ్లాస్ పోగులు, చేత్తో వేసిన రంధ్రాలు కనిపిస్తే బయటదని అనుమానించాలి. 1976 నాటి బీఎండబ్ల్యూ ఆర్100ఆర్‌ఎస్ ఫ్యాక్టరీ నుంచే ఫెయిరింగ్‌తో వచ్చింది. అమెరికన్ డిజైనర్ క్రెయిగ్ వెటర్ చేసిన, విడిగా అమ్మిన ఫెయిరింగ్ విండ్‌జామర్ అలా కాదు: పై తొడుగు (షెల్) ఒకటే, బండిని బట్టి బ్రాకెట్లు మారతాయి. ఏ బైక్ కోసం కొన్నారో బ్రాకెట్లే చెబుతాయి.

ఖర్చు: కంపెనీది దొరకడమే కష్టం, ధరా ఎక్కువే. బయటది చౌక, బ్రాకెట్లు లేకపోతే మాత్రం దండగ.

శ్రమ: కంపెనీది ఉన్న రంధ్రాల్లోనే కూర్చుంటుంది. విండ్‌జామర్‌కి హెడ్‌లైట్ వైరింగ్ మార్చాలి.

రిస్క్: హ్యాండిల్‌కి బిగించే రకాలు వేగంలో స్టీరింగ్‌ని ఊపవచ్చు. ఫ్రేమ్‌కి బిగించేవే నయం.

బండి ఒరిజినల్‌గా ఉండాలంటే కంపెనీదే. దూరప్రయాణాలకైతే బ్రాకెట్లతో సహా దొరికిన విండ్‌జామర్ నిశ్చింతగా తీసుకోండి.