పది బై పన్నెండు గదికి ఒక టన్ను ఏసీనా, టన్నున్నరా?

ఎండలు ముదిరేసరికి అందరూ అడిగేది ఇదే. షాపువాళ్ల లెక్కా ఒకటే: 120 చదరపు అడుగుల దాకా ఒక టన్ను, 180 దాకా టన్నున్నర. మధ్య అంతస్తులకు ఆ లెక్క సరిపోతుంది. నెత్తిన డాబా ఉంటేనే తేడా కొడుతుంది.

టన్ను అంటే గంటకు 12,000 బీటీయూ, అంటే దాదాపు 3,500 వాట్ల వేడిని బయటికి తోడెయ్యడం. మే నెల సాయంత్రం ఆ గదిలోకి వచ్చే వేడి చూడండి. మనిషికి 100 చొప్పున ముగ్గురికి 300 వాట్లు. తొమ్మిదంగుళాల పడమటి గోడ నుంచి ఓ 350, తెర వేసిన కిటికీ నుంచి 300. తక్కిన గోడలు, తలుపు సందుల గాలి కలిపి 750. ఫ్యాను, టీవీ, గాలిలోని తేమ కూడా వేసుకున్నా 2,200 దాటదు. ఒక టన్ను హాయిగా చాలు.

ఇప్పుడు అదే గది పై అంతస్తులో ఉందనుకోండి. ఏ పూతా లేని ఐదంగుళాల శ్లాబు ఇంకో 1,000 వాట్లు దించుతుంది. అదీ ఆలస్యంగా: మధ్యాహ్నం తిన్న ఎండ మనం ఏసీ వేసుకునే వేళకే కిందికి దిగుతుంది. రాత్రి తొమ్మిదింటికి స్టూలెక్కి సీలింగుకు అరచెయ్యి ఆనిస్తే తెలిసిపోతుంది.

మొత్తం 3,200. టన్నుకు లోపే కదా అంటారు. కానీ ఆ 3,500 బయట 35 డిగ్రీలున్నప్పుడు కొలిచిన అంకె. రామగుండంలోనో రెంటచింతలలోనో 44 ఉన్న రోజున అందులో సుమారు పదో వంతు పోతుంది. పైగా ఒక టన్ను పేరుతో 3,300 వాట్లవీ అమ్ముతారు. అలాంటిది రిమోట్‌లో 24 పెట్టినా 27 దగ్గరే ఆగిపోతుంది, కంప్రెసర్‌కు మాత్రం విశ్రాంతి ఉండదు. అందుకే టన్ను మాట పక్కనపెట్టి, స్టార్ లేబుల్ మీద నూరు శాతం కెపాసిటీ దగ్గర రాసిన వాట్లు చదవండి.

అలాగని అందరూ టన్నున్నరకు పోనక్కర్లేదు. విశాఖ, కాకినాడల్లో మధ్య అంతస్తు చిన్న గదికి ఇన్వర్టర్ కాని టన్నున్నర పెడితే, గది చప్పున చల్లబడి కంప్రెసర్ కట్ అయిపోతుంది. తేమ లాగడానికి వ్యవధి ఉండదు. ఒళ్లు చల్లగానే ఉంటుంది, దుప్పటి జిడ్డుజిడ్డుగా ఉంటుంది. ఇన్వర్టర్ ఏసీకి ఈ బాధ తక్కువ, దాని కంప్రెసర్ అవసరాన్ని బట్టి నెమ్మదిస్తుంది. కాబట్టి పైన డాబా ఉంటే టన్నున్నర ఇన్వర్టర్, పైన ఇంకొకరి ఇల్లు ఉంటే ఒక టన్ను.

డాబా మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ రెండు కోట్లు వేయించగలిగితే మాత్రం పై అంతస్తుకీ ఒక టన్ను ఇన్వర్టరే మేలంటాను. శ్లాబు వేడి సగానికి సగం తగ్గుతుంది, ఏసీ ఆపేశాక కూడా ఆ సుఖం ఉంటుంది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే. దుమ్ము పట్టి నల్లబడితే పని చెయ్యదు, ఏటా వేసవి ముందు కడగాలి.

0.8 టన్ను ఎనభై చదరపు అడుగుల గదికి. రెండు టన్నులు హాలుకి, ఈ గదికి దండగ.

టన్నున్నరైతే బోర్డు నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు లాగించండి. అవుట్‌డోర్ యూనిట్‌ను ఇరుకు డక్టులో పెట్టించకండి. వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంటే, లేబుల్ మీది వాట్లు గదికి చేరవు.