డబ్బు కట్టే ముందు జాగ్రత్త: భద్రతా శిక్షణ పేరుతో మోటారు సైకిల్ నడిపేవారికి అమ్ముతున్నది ఏమిటి?

మోటారు సైకిల్ భద్రతా శిక్షణలో చేరాలనుకుంటున్నవారు, కొత్తగా నేర్చుకుంటున్నవారైనా ఏళ్ల తరబడి నడుపుతున్నవారైనా, రుసుము చెల్లించే ముందు దయచేసి ఇది చదవండి. అనుభవజ్ఞుల కోసం ప్రత్యేకంగా రూపొందించామని ప్రకటించిన ఒక శిక్షణలో నేను ఇటీవల చేరాను. సంస్థ పేరు రాయడం లేదు. ఇటువంటి ప్రకటనలు ఇచ్చేది అదొక్కటే కాదు గనుక, పేరు కంటే లోపాలు ఎలా ఉంటాయో తెలియడమే కొనేవారికి ఎక్కువ అవసరం.

అన్నిటికంటే తీవ్రమైన లోపం బ్రేకు విషయంలో కనిపించింది. అత్యవసరంగా ఆపవలసి వస్తే వెనుక బ్రేకునే నమ్ముకోవాలనీ, ముందు బ్రేకు పట్టుకుంటే బండి పల్టీ కొడుతుందనీ శిక్షకుడు మొదట్లోనే చెప్పేశారు. ఇది ప్రాణాల మీదికి తెచ్చే సలహా. వేగం తగ్గుతున్నప్పుడు బండి బరువూ మనిషి బరువూ ముందు చక్రం మీదికి మొగ్గుతాయి. దాంతో ముందు టైరుకు రోడ్డు మీద పట్టు పెరుగుతుంది, వెనుక టైరు మాత్రం తేలికై కొద్దిపాటి బ్రేకుకే బిగుసుకుపోయి జారుతుంది. అందుకే బండిని ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకు నుంచే రావాలి. పల్టీ భయానికి అసలు కారణం ఆ బ్రేకును ఒక్కసారిగా గుంజడం. మొదట మెల్లగా నొక్కి, బరువు ముందుకు వచ్చాక ఒత్తిడి పెంచుకుంటూ పోవడం వేళ్లకు అలవాటు కావాలి, మనం డబ్బు కట్టేది ముఖ్యంగా దాని కోసమే. కొన్ని బండ్లలో ఉండే ఏబీఎస్ అనే బ్రేకు వ్యవస్థ, చక్రం బిగుసుకుపోకుండా కాపాడుతుంది గాని, భయపడి సగమే నొక్కిన బ్రేకును అదనంగా నొక్కిపెట్టే బాధ్యత సాధారణంగా దానిది కాదు.

ఇది నా సొంత అభిప్రాయం కాదు. మోటారు సైకిల్ భద్రతా పరిశోధకుడు హ్యారీ హర్ట్ బృందం అమెరికాలోని లాస్ ఏంజెలిస్ ప్రాంతంలో 900 మోటారు సైకిల్ ప్రమాదాలను పరిశోధించి 1981లో నివేదిక ఇచ్చింది. ప్రమాద క్షణంలో చాలామంది వెనుక బ్రేకును అతిగా తొక్కి జారిపోయారనీ, ముందు బ్రేకును చాలినంతగా వాడలేదనీ, పక్కకు తప్పించే నైపుణ్యం దాదాపు ఎవరిలోనూ కనిపించలేదనీ అందులో స్పష్టంగా ఉంది. ప్రమాదాలకు గురైనవారిలో 92 శాతం మంది తమంతట తాముగానో, బంధుమిత్రుల దగ్గరో నేర్చుకున్నవారే. అంటే ఏ తప్పును సరిదిద్దడానికి శిక్షణ అవసరమైందో, ఆ తప్పునే నాకు పాఠంగా చెప్పారన్నమాట.

అభ్యాసం జరిగిన తీరు కూడా అలాగే ఉంది. చిన్న బృందం అని ప్రకటించి, పెద్ద గుంపును ఒకే శిక్షకుడికి అప్పగించారు. బ్రిటన్‌లో తప్పనిసరి ప్రాథమిక శిక్షణలో మైదానంలో ఒక శిక్షకుడికి నలుగురికి, రోడ్డు మీద ఇద్దరికి మించి ఉండకూడదన్న నియమం ఉంది, దానిని కొలమానంగా పెట్టుకుంటే తేడా అర్థమవుతుంది. ఎక్కువ సమయం వరుసలో నిలబడి వంతు కోసం ఎదురుచూడటంతోనే గడిచిపోయింది. వంతు వచ్చినప్పుడు ఆపమన్నది కూడా నడక కంటే కాస్త ఎక్కువ వేగంలోనే. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక బండి ఆగేందుకు పట్టే దూరం సుమారు నాలుగు రెట్లవుతుంది గనుక, ఆ వేగంలో చేసిన అభ్యాసం రోడ్డు మీద పెద్దగా అక్కరకు రాదు.

అనుభవజ్ఞుల పాఠం అన్నది కొత్తవారి పాఠమే, రుసుము మాత్రం వేరు. కోన్‌ల మధ్య ఎనిమిది అంకె ఆకారంలో తిప్పించారు, అంతే. వేగంగా వెళ్తున్నప్పుడు ఎడమవైపు వంగాలంటే ఎడమ హ్యాండిల్‌ను ముందుకు నెట్టాలన్న సంగతి గాని, అడ్డంకినే చూస్తూ ఉంటే బండి దాని మీదికే పోతుందన్న సంగతి గాని ఎవరూ ఎత్తలేదు. ఏళ్లుగా నడుపుతున్నవారికి ఇటువంటివే ఎక్కువ అవసరం, ఎందుకంటే వారి తప్పులు అలవాట్లుగా స్థిరపడి ఉంటాయి. ఇచ్చిన బండ్ల టైర్లు అరిగి ఉన్నాయి, ఒకదాని క్లచ్ తీగ వదులుగా ఉంది, అద్దె హెల్మెట్లు తలకు సరిపోయాయో లేదో చూసినవారు లేరు. చివరి పరీక్ష తూతూమంత్రంగా ముగిసింది, హాజరైన ప్రతివారికీ సర్టిఫికెట్ వచ్చింది.

బ్రేకు సలహా గురించి నేను రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపితే, ఏబీఎస్ బండ్లకు ఏ బ్రేకైనా ఒకటేనని జవాబిచ్చారు. రుసుము వాపసు అడిగితే, తరగతి మొదలయ్యాక తిరిగి చెల్లించబోమన్న షరతు చూపించారు. ఆ షరతుల కాగితం రుసుము తీసుకున్న తరువాత, తరగతి రోజున సంతకం కోసం చేతికిచ్చినది.

కాబట్టి చేరబోయేవారు ముందుగా షరతుల ప్రతిని అడిగి తీసుకుని, బండి పాడైతే ఎవరు భరించాలో, వానకు తరగతి రద్దయితే ఏమవుతుందో చదువుకోండి. ఒక శిక్షకుడికి ఎంతమందో రాతలో తీసుకోండి. వేరే బృందానికి తరగతి జరుగుతుండగా మైదానానికి వెళ్లి చూడనివ్వమని అడగండి. అన్నిటికంటే ముఖ్యంగా, అత్యవసరంగా ఆపడం ఎంత వేగంలో, ఏ బ్రేకుతో నేర్పుతారో అడిగి జవాబు వినండి. దాటవేసినా, ముందు బ్రేకు ముట్టవద్దన్నా అక్కడ చేరకండి. ఇప్పటికే ఇటువంటి చోట డబ్బు కట్టినవారు ప్రకటన ప్రతినీ, రసీదునూ, మైదానంలో తీసిన ఫొటోలనూ దాచుకోండి. నేను అవే ఆధారాలు జతచేసి వినియోగదారుల ఫిర్యాదు దాఖలు చేశాను, అది ఇంకా తేలలేదు.