కత్తి దూయడం నేర్చుకోవాలంటే: టోక్యోనా, మురయామానా?

టోక్యో, క్యోటోల్లో పర్యాటకుల కోసం నడిపే 'సమురాయ్ అనుభవం' తరగతులు చాలావరకు గంట, గంటన్నరలో అయిపోతాయి. హకమా (కుచ్చిళ్ల వదులు లాగు) కట్టించి, ఫొటోలు తీసి, తడిపి చుట్టిన చాప మీద ఒకటి రెండు వేట్లు వేయిస్తారు. పిల్లలతో వెళ్లేవాళ్లకు అది బాగానే ఉంటుంది. ఇయాయిదో (ఒరలోంచి కత్తి దూసే జపాన్ విద్య) మీద నిజంగా మనసున్నవాళ్లకు మాత్రం చాలదు.

ఈ విద్యలో కతాకు (వరుసగా చేసే కదలికల సాధనకు) నాలుగు అంగాలు: ఒరలోంచి దూస్తూనే వేసే వేటు (నుకిత్సుకే), తలమీదుగా దించే వేటు (కిరిఓరోషి), నెత్తురు విదిలించే కదలిక (చిబురి), కత్తిని తిరిగి ఒరలో పెట్టడం (నోతో). బుక్ చేసేముందు ఒక్కటే అడగండి: నోతో నేర్పుతారా? ఎందుకంటే కష్టమంతా అక్కడే. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు ఒర మూతిని పట్టుకుని ఉండాలి. అలుగు (కత్తి పలక) వీపు వాటిమీదుగా జారి, మొన మూతిలోకి దిగాలి. ఆ తర్వాత ఒరను ముందుకు తెచ్చి కత్తికి తొడగాలి. తొందరపడితే వేలికి గుచ్చుకుంటుంది. సాధనకత్తి (ఇయాయితో) అంచు మొద్దే గానీ మొన వాడిగానే ఉంటుంది. దూసేటప్పుడు అందరూ చేసే తప్పు కుడిచేత్తోనే లాగడం. ఎడమచేయి ఒరను వెనక్కి లాగకపోతే మొన బయటపడదు, పదును ఒరను లోపలినుంచి కోస్తుంది. నిజమైన కత్తితో అయితే ఒర చీలి అరచేయి తెగుతుంది.

కత్తి పొడవు కూడా చూసుకోవాలి. 170 సెం.మీ. దాటిన మనిషికి 74 సెం.మీ. అలుగు మామూలుగా సరిపోతుంది.

రెండు రోజులు చేతిలో ఉంటే యమగతా ప్రాంతంలోని మురయామాకు వెళ్లండి. ఈ విద్యకు ఆద్యుడిగా చెప్పే 16వ శతాబ్దపు హయాషిజాకి జిన్‌సుకే ఊరు అది. ఆయనను కొలిచే ఇయాయి గుడి అక్కడుంది. గుడి దర్శనం, సాధన కలిపిన కార్యక్రమాలు ముందే బుక్ చేసుకోవాలి. టోక్యో నుంచి త్సుబాసా షింకన్‌సెన్‌ (బుల్లెట్ రైలు)లో మూడు గంటల పైచిలుకు. కొన్ని రైళ్లు యమగతాలోనే ఆగిపోతాయి కాబట్టి లైను చివరి స్టేషన్ షింజో దాకా వెళ్లేది ఎక్కండి, సీట్లన్నీ రిజర్వేషనే. చలికాలంలో మంచు బాగా పడుతుంది.

బసకు యమగతా నగరంలో బిజినెస్ హోటళ్లు చవక, హిగాషినే వేడినీటి బుగ్గల సత్రాలు హాయి. మోకాళ్ల మీద సాధన చేశాక రెండోదే మేలు. సేయిజా మన వజ్రాసనమే అయినా అందులోంచి లేస్తూ కత్తి దూయడం వేరే పని, మోకాలి ప్యాడ్లు తీసుకెళ్లండి. మురయామా సోబాకు (ఒక రకం జపాన్ నూడుల్స్‌కు) పేరున్న చోటు. శాకాహారులు మాత్రం ముంచుకునే రసంలో చేపముక్కల సారం ఉంటుందని గుర్తుంచుకోవాలి, ఉప్పుతో ఇమ్మని అడగొచ్చు.

టోక్యోలోనే ఆగేవాళ్లు ర్యోగోకులోని జపాన్ కత్తుల మ్యూజియం చూడండి, సోమవారం సెలవు. సాధనకత్తి కొంటే చెకిన్ సామానులోనే పెట్టాలి, వీధిలో సంచిలో మూసే మోయాలి. అసలు కత్తిని దేశం దాటించాలంటే సాంస్కృతిక వ్యవహారాల శాఖ పత్రం తప్పనిసరి.