వేటకు డబ్బు కట్టేవాళ్ళు జాగ్రత్త: "మా బ్యాంకు ఖాతా మారింది" అని మెయిల్ వస్తే అక్కడే ఆగండి

భీమవరం, ఉండి, పాలకొల్లు, అమలాపురం వైపు నుంచి దక్షిణాఫ్రికా, నమీబియాలకు వేటకు వెళ్ళేవాళ్ళకి, వెళ్దామని అనుకుంటున్నవాళ్ళకి ఈ హెచ్చరిక. మన డెల్టా బృందం ఒకటి క్యాంపుకు కట్టాల్సిన రెండో విడత సొమ్ము పోగొట్టుకుంది. బ్యాంకులో ఫారాలన్నీ నింపి, సంతకాలు పెట్టి, సొంత ఖాతాలోంచి పంపిన డబ్బే అది. అడ్వాన్సు సరిగ్గానే చేరింది. రెండో విడత కట్టే వారంలో అదే అవుట్‌ఫిటర్ (వేట ఏర్పాట్లు చేసే సంస్థ) పేరుతో, అదే ఇన్‌వాయిస్ నమూనాతో, పాత ఉత్తరాల కిందే తగిలించి ఒక మెయిల్ వచ్చింది. "పాత ఖాతా ఆడిట్‌లో ఉంది, ఈ కొత్త ఖాతాకు పంపండి" అన్నది దాని సారాంశం. పంపేశారు. క్యాంపు వాళ్ళు "ఇంకా డబ్బు రాలేదేం" అని అడిగేసరికి ఆ కొత్త ఖాతా ఖాళీ అయిపోయింది.

ఇది జరిగే తీరు తెలుసుకుంటే పట్టుకోవడం సులువు. దొంగ ముందు అవుట్‌ఫిటర్ మెయిల్‌లోకో, మధ్యలో ఉన్న ఏజెంటు మెయిల్‌లోకో దూరతాడు. వెంటనే ఏమీ చెయ్యడు. ఎవరు ఎంత బాకీ, ఏ తేదీకి కట్టాలి, మీరు ఎలా పలకరించుకుంటారు అన్నవన్నీ చదువుతూ కూర్చుంటాడు. గడువు దగ్గర పడ్డాక పీడీఎఫ్‌లో ఖాతా నంబరు ఒక్కటి మార్చి పంపుతాడు. కొన్నిసార్లు మెయిల్ అడ్రసులో ఒక అక్షరం తేడా ఉంటుంది, కొన్నిసార్లు అసలు అడ్రసు నుంచే వస్తుంది. కాబట్టి అడ్రసు సరిపోయిందని ధీమా పడొద్దు. విదేశీ బ్యాంకులు చాలావరకు ఖాతా నంబరు చూసి జమ చేసేస్తాయి. లబ్ధిదారు పేరు దగ్గర మీరు అసలు అవుట్‌ఫిటర్ పేరే రాసినా, డబ్బు ఆ నంబరు ఎవరిదో వాళ్ళకే పోతుంది.

మొదటి పరీక్ష స్విఫ్ట్ కోడ్, అంటే విదేశీ చెల్లింపుల్లో బ్యాంకును గుర్తించే కోడ్. అందులో 8 లేదా 11 అక్షరాలుంటాయి. 5, 6 స్థానాల్లో ఉన్న రెండక్షరాలు దేశం గుర్తు. దక్షిణాఫ్రికాకు జెడ్-ఏ, నమీబియాకు ఎన్-ఏ, టాంజానియాకు టీ-జెడ్, జింబాబ్వేకు జెడ్-డబ్ల్యు. దక్షిణాఫ్రికాలోని లింపోపోలో ఉన్న క్యాంపు ఇన్‌వాయిస్ మీద జీ-బీ అనో హెచ్-కే అనో ఉంటే ఆ డబ్బు బ్రిటన్‌కో హాంకాంగ్‌కో పోతుంది. నిజంగానే బయటి దేశంలో ఖాతా పెట్టుకున్న అవుట్‌ఫిటర్లూ ఉన్నారు. అలాంటివాళ్ళు మొదటి ఒప్పందంలోనే ఆ మాట రాస్తారు, మధ్యలో మార్చరు. ఇంకొకటి: దక్షిణాఫ్రికా బ్యాంకులకు ఐబ్యాన్ (కొన్ని దేశాలు వాడే పొడవాటి అంతర్జాతీయ ఖాతా నంబరు) ఉండదు, ఖాతా నంబరుతో పాటు 6 అంకెల బ్రాంచి కోడ్ ఉంటుంది. దక్షిణాఫ్రికా ఖాతా అంటూ ఐబ్యాన్ ఇస్తే అది తప్పు కాగితం.

రెండో పరీక్ష ఫోను. ఆ మెయిల్ కింద ఉన్న నంబరుకు చెయ్యొద్దు. బుకింగ్ రోజున మీ దగ్గరున్న నంబరుకే చేసి, ఖాతా నంబరు చివరి నాలుగంకెలు వాళ్ళ నోటితో చెప్పించుకోండి. మీరు చదివి "అవునా" అని అడగొద్దు. దక్షిణాఫ్రికా మనకన్నా మూడున్నర గంటలు వెనక, అక్కడ ఉదయం 8 అంటే ఇక్కడ 11.30. బ్యాంకుకు వెళ్ళే రోజు 11.30 తరవాత ఫోను చేసి, ఆ తరవాతే ఫారం మీద సంతకం పెట్టండి. వీలైతే ముందు 50 డాలర్లు పంపి, చేరిందని ఫోనులో విన్నాకే మిగతాది పంపండి. చార్జీ రెండుసార్లు పడుతుంది, పడనివ్వండి.

డబ్బు పంపడంలో మన వైపు తంటాలు కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ తంటాలు పడలేకే చాలామంది అడ్డదారి పడుతున్నారు. విదేశానికి పంపే సొమ్ము రిజర్వు బ్యాంకు ఎల్ఆర్ఎస్ పథకం కింద పోతుంది. మనిషికి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్లు హద్దు. పాన్ కావాలి, విదేశీ చెల్లింపుకు నింపే ఏ2 ఫారం కావాలి, అందులో పర్యటన కోడ్ ఎస్0306 రాయాలి. ఇది వ్యక్తులకే. రొయ్యల చెరువుల భాగస్వామ్య సంస్థ కరెంటు ఖాతా నుంచి, ఉమ్మడి కుటుంబం ఖాతా నుంచి పంపడం కుదరదు. అయిదుగురు వెళ్తుంటే ఒకరి ఖాతాలోంచే అందరిదీ పంపొద్దు. హద్దూ, టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) లెక్కా ఆ ఒక్కరి పాన్ మీదే పడతాయి, రేపు ట్రిప్పు రద్దయితే వెనక్కి వచ్చేది కూడా ఆ ఒక్కరికే. ఊళ్ళో చిన్న బ్రాంచీలు ఫారెక్స్ సొంతంగా చెయ్యవు, కాగితాలు పెద్ద బ్రాంచికి పంపిస్తాయి. సంక్రాంతి వారంలో గడువు పెట్టుకుంటే ఇరుక్కుంటారు.

టీసీఎస్ గురించి భయపెట్టే ఏజెంట్లున్నారు. "బ్యాంకులో కడితే పన్ను పోతుంది, నాకు నగదు ఇవ్వండి" అంటారు. టీసీఎస్ పోయే డబ్బు కాదు, మీ పాన్ మీద జమయ్యే ముందస్తు పన్ను. ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పాన్ కింద కనిపిస్తుంది, రిటర్ను వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది, ఎక్కువైతే వాపసు వస్తుంది. రేట్లూ హద్దులూ 2023 అక్టోబరులో మారాయి, 2025 ఏప్రిల్‌లో టీసీఎస్ మొదలయ్యే హద్దు 7 లక్షల రూపాయల నుంచి 10 లక్షలకు పెరిగింది. కాబట్టి కట్టే రోజు ఏ రేటో బ్యాంకు దగ్గర అడిగి రాయించుకోండి. ఇక్కడి ఏజెంటు ప్యాకేజీ బిల్లులో టీసీఎస్ అని వేసుకుంటే టీసీఎస్ సర్టిఫికెట్ అడగండి. బిల్లులో వేసి ప్రభుత్వానికి కట్టనివాళ్ళుంటారు, పోర్టల్‌లో చూస్తే తేలిపోతుంది.

చార్జీల దగ్గర మూడు పద్ధతులు: ఓయూఆర్, ఎస్‌హెచ్‌ఏ, బీఈఎన్. ఓయూఆర్ అంటే ఖర్చంతా మీదే, బీఈఎన్ అంటే ఖర్చంతా అందుకునేవాళ్ళదే, ఎస్‌హెచ్‌ఏ అంటే ఇద్దరూ పంచుకోవడం. ఎస్‌హెచ్‌ఏ పెడితే మధ్య బ్యాంకులు దారిలో కొంత కోసుకుంటాయి, 3,250 డాలర్లు పంపితే క్యాంపుకు తక్కువ చేరుతుంది, ఆ తేడా చెక్కౌట్ రోజు నగదులో అడుగుతారు. ఓయూఆర్ పెట్టండి. పంపాక స్విఫ్ట్ కాపీ తీసుకోండి. అందులో 36 అక్షరాల యూఈటీఆర్ నంబరు (ఆ చెల్లింపు జాడ తెలిపే నంబరు) ఉంటుంది. డబ్బు ఏ బ్యాంకు దగ్గర ఆగిందో దానితోనే తెలుస్తుంది. దక్షిణాఫ్రికా బ్యాంకు ఆ సొమ్ము దేనికొచ్చిందని అవుట్‌ఫిటర్‌ను అడిగి రాసుకున్నాకే జమ చేస్తుంది, నాలుగైదు రోజులు ఆగితే కంగారు పడక్కర్లేదు.

ఇప్పుడు నగదు సంగతి. లెక్క చూడండి. రోజుకు 350 డాలర్ల చొప్పున 7 రోజుల డే ఫీజు 2,450. అక్కడ వేటాడే జంతువులకు విడిగా కట్టే ట్రోఫీ ఫీజు ఇంపాలాకు 450, బ్లూ వైల్డ్‌బీస్ట్‌కు 1,100, కూడూకు 2,500 అనుకుందాం. మొత్తం 6,500. సగం అడ్వాన్సు, 3,250, ముందే పోయింది. క్యాంపులో కట్టాల్సింది 3,250. అయితే దెబ్బ తగిలి పొదల్లోకి పోయి దొరకని జంతువుకు కూడా పూర్తి ట్రోఫీ ఫీజు కట్టాలి. నెత్తుటి చుక్క కనిపిస్తే చాలు, అది మీ లెక్కలోదే. ఒక కూడూ అలా పోయి ఇంకోటి కొడితే చివరి బాకీ 5,750. మన దేశం నుంచి ఒక ప్రయాణానికి విదేశీ నోట్లుగా తీసుకెళ్ళగలిగేది 3,000 డాలర్లే. ఈ సందులోనే ఏజెంటు దూరతాడు: "ఇక్కడ మా వాడికి రూపాయలివ్వండి, అక్కడ మా మనిషి రాండ్ (దక్షిణాఫ్రికా కరెన్సీ) ఇస్తాడు." అది హవాలా. ఫెమా (విదేశీ మారక) చట్టం కింద పట్టుబడితే ఆ సొమ్ముకు మూడు రెట్ల దాకా జరిమానా పడొచ్చు. అక్కడి మనిషి రాకపోతే కేసు పెట్టడానికి మీ చేతిలో కాగితం ఉండదు. అమెరికాలో ఉన్న అల్లుడి చేత అక్కడ కట్టించి, ఇక్కడ వియ్యంకుడికి రూపాయలు ఇవ్వడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. దయచేసి ఇంట్లో పెద్దవాళ్ళకి ఈ ఒక్క విషయం విడమరిచి చెప్పండి, చాలామంది దీన్ని చేబదులు అనుకుంటున్నారు. దేశంలోపల ఏజెంటు కూడా ఒక ట్రిప్పు కింద 2 లక్షలు, అంతకుమించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు.

బుక్ చేసేటప్పుడే చివరి బిల్లు ఎలా కట్టాలో ఒప్పందంలో రాయించుకోండి. క్యాంపులో కార్డు మెషిన్ ఉందా, సిగ్నల్ అందుతుందా, దగ్గరి ఊళ్ళోకి వెళ్ళి గీకాలా, వీసా, మాస్టర్ రెండూ తీసుకుంటారా, కార్డుకు అదనంగా ఎంత శాతం వేస్తారు. "కార్డు తీసుకుంటాం" అని మెయిల్‌లో రాసి, చివరి రోజున "మెషిన్ పనిచెయ్యట్లేదు, నగదు ఇవ్వండి" అనే క్యాంపులున్నాయి. దానికి విరుగుడుగా "కార్డు పనిచెయ్యకపోతే తిరిగొచ్చాక 7 పనిదినాల్లో బ్యాంకు ద్వారా చెల్లింపు" అన్న వాక్యం ముందే పెట్టించాలి. దీనికి ఒప్పుకోని అవుట్‌ఫిటర్‌ను వదిలెయ్యడమే మంచిది. ప్రావిన్సు ఇచ్చిన అవుట్‌ఫిటర్ పర్మిట్, మీ వెంట వచ్చే ప్రొఫెషనల్ హంటర్ (లైసెన్సున్న వేట గైడు) పర్మిట్ కాపీలు కూడా అడ్వాన్సుకు ముందే అడగండి. దక్షిణాఫ్రికాలో విదేశీ వేటగాడికి ఆ రెండూ తప్పనిసరి, దాచాల్సిన కాగితాలేం కావు.

రాండ్ నింపుకునే వీలున్న మల్టీ కరెన్సీ ఫారెక్స్ కార్డు ఒకటి, వేరే బ్యాంకుది క్రెడిట్ కార్డు ఒకటి ఉంచుకోండి. డాలర్లు మాత్రమే నింపిన కార్డును రాండ్‌లో గీకితే మారకం మీద మళ్ళీ కోత పడుతుంది. నమీబియాలో రాండ్ చెల్లుతుంది, నమీబియా డాలర్‌తో సమానం. నమీబియా డాలర్లు మాత్రం దక్షిణాఫ్రికాలో చెల్లవు, మిగల్చుకోవద్దు. ఫారెక్స్ కొన్నప్పుడు 5 లక్షల రూపాయల మారకానికి జీఎస్టీ 540 రూపాయలే. అంతకన్నా వేలల్లో వేస్తే బిల్లు తిప్పి అడగండి. ఫారెక్స్ కొనడానికి 50,000 దాటితే నగదు తీసుకోరు, ఖాతా నుంచే కట్టాలి. రూపే కార్డు ఒక్కటే నమ్ముకుని వెళ్ళొద్దు. క్రెడిట్ కార్డులో అంతర్జాతీయ వాడకం యాప్‌లో మీరే ఆన్ చెయ్యాలి, పరిమితి కూడా పెంచుకోవాలి. మెషిన్ మీద "రూపాయల్లో కడతారా, రాండ్‌లోనా" అని అడిగితే రాండ్ నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్ళ రేటు పడుతుంది. లింక్ పంపి కట్టమంటే ఓటీపీ కావాలి, పొదల మధ్య మీ సిమ్‌కు సిగ్నల్ ఉండదు. లింక్ పని ఉంటే ఊళ్ళో ఉండగానే తేల్చుకోండి.

నోట్లుగా ఉంచుకోవాల్సింది టిప్పులకు, దారి ఖర్చులకు మాత్రమే. జంతువుల జాడ పట్టే ట్రాకర్లకు, వంటవాళ్ళకు, చర్మం తీసేవాళ్ళకు చిన్న నోట్లు కావాలి. డాలర్లైతే 2009 తరవాతి ముద్రవి, గీతలు, చిరుగులు లేనివి తీసుకోండి. జింబాబ్వే, టాంజానియా వైపు పాతవి ముట్టుకోరు. ఏటీఎం దగ్గర "సాయం చేస్తా" అని వచ్చేవాడికి కార్డు ఇవ్వొద్దు.

ట్రోఫీ (కొట్టిన జంతువు కొమ్ములు, చర్మం) ఇంటికి తెప్పిస్తామని ఇక్కడ అడ్వాన్సు అడిగేవాళ్ళ దగ్గర ఇంకా గట్టిగా ఉండాలి. అక్కడి సైటీస్ (వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) ఎగుమతి పర్మిట్ చూపించి "అయిపోయింది" అంటారు. మన వైపు వన్యప్రాణి సంరక్షణ చట్టం, విదేశీ వాణిజ్య విధానం, కస్టమ్స్ మూడూ దాటాలి. మీ పేరు మీద, ఆ జాతికి, మన ప్రభుత్వ అనుమతి రాతలో చూపించే దాకా కొమ్ములకీ చర్మానికీ పైసా కట్టొద్దు. ఫొటో తెచ్చుకుంటే సరిపోయేదానికి లక్షలు పోసి విమానాశ్రయంలో వదిలేసే పని పెట్టుకోకండి.

తప్పుడు ఖాతాకు డబ్బు పోయిందని తెలిసిన క్షణం నుంచి గంటలే లెక్క. ముందు మీ బ్యాంకు ఫారెక్స్ విభాగానికి ఫోను చేసి, యూఈటీఆర్ నంబరు ఇచ్చి, మోసం అని రాసి రీకాల్ (డబ్బు వెనక్కి రప్పించే అభ్యర్థన) పెట్టించండి. బ్రాంచిలో "రేపు రండి" అంటే మెయిల్ కూడా పంపండి, సమయం రికార్డవుతుంది. అదే గంటలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ నమోదు చెయ్యండి. అవుట్‌ఫిటర్‌కు చెప్పి, ఆ డబ్బు చేరిన బ్యాంకు మోసాల విభాగానికి వాళ్ళ చేత కూడా ఫిర్యాదు చేయించండి. దొంగ మెయిల్‌ను డిలీట్ చెయ్యకండి, ఫార్వర్డ్ చేస్తే అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే హెడర్లు పోతాయి, మొత్తం ఫైలుగా దించి ఉంచండి. కార్డుతో కట్టి మోసపోతే చార్జ్‌బ్యాక్ (కార్డు బ్యాంకు ద్వారా సొమ్ము వాపసు) అడగొచ్చు, దానికి గడువుంటుంది కాబట్టి ఆలస్యం చెయ్యొద్దు. అందుకే అడ్వాన్సును వీలైనంతవరకు కార్డుతోనే కట్టండి. మీ బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేసుకోవచ్చు.

దక్షిణాఫ్రికా వేటకు మంచి కాలం మే నుంచి ఆగస్టు, అక్కడ చలికాలం. మన దగ్గర దాళ్వా డబ్బు చేతికొచ్చి, కాలవలు కట్టేసి, పని తెరిపిన పడేదీ ఆ కాలం మొదట్లోనే. రెండో విడత ఇన్‌వాయిస్‌లు ఏప్రిల్‌లోనే వస్తాయి, దొంగ మెయిళ్ళూ అప్పుడే వస్తాయి. బుక్ చేసుకున్నవాళ్ళు మొదటి ఒప్పందం మీద ఉన్న ఖాతా నంబరు, స్విఫ్ట్ కోడ్, ఫోను నంబరు ఇప్పుడే ఒక కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోండి. బ్యాంకుకు వెళ్ళేటప్పుడు ఆ కాగితం పట్టుకెళ్ళి, ఏ2 ఫారం మీద రాసినదానితో అంకె అంకె పోల్చుకోండి.