ఎస్‌ఆర్‌టీఎం ఎత్తుల డేటా: కొల్లేరు అంచున పెట్టి చూస్తే

2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అంతరిక్ష నౌక ఒక యాంటెన్నాను తనలోనూ, మరొకదాన్ని 60 మీటర్ల పొడవైన దూలం చివరనూ పెట్టుకుని, పదకొండు రోజుల పాటు భూమి చుట్టూ తిరుగుతూ రాడార్‌తో నేల ఎత్తులను కొలిచింది. ఆ కొలతల నుంచి తయారైనదే అందరూ ఎస్‌ఆర్‌టీఎం (షటిల్ రాడార్ టోపోగ్రఫీ మిషన్) అని పిలిచే ఎత్తుల డేటా. ఉత్తరాన 60 డిగ్రీల నుంచి దక్షిణాన 56 డిగ్రీల అక్షాంశం వరకు, అంటే భూభాగంలో సుమారు 80 శాతం ఇందులో ఉంది. నేలను చదరపు గడులుగా విడదీసి, గడికొక ఎత్తు రాసిన డేటా ఇది. మన ప్రాంతానికి చాలాకాలం 90 మీటర్ల గడుల్లోనే దొరికేది. 2014లో మొదలుపెట్టి 30 మీటర్ల రూపాన్ని అందరికీ ఉచితంగా విడుదల చేశారు. చెరువులు, వాగుల లెక్కల కోసం దీన్ని ఏళ్ల తరబడి వాడుతున్నాను కనుక, ఇది ఎక్కడ నమ్మదగినదో, ఎక్కడ కాదో ఒక నిజమైన ఉదాహరణతో రాయాలని అనిపించింది.

దించుకోవడం తేలిక. నాసా వారి ఉచిత ఖాతా ఒకటి ఉంటే చాలు, ఒక డిగ్రీ పొడవు, ఒక డిగ్రీ వెడల్పు ఉన్న టైల్ చొప్పున ఫైళ్లు వస్తాయి. ఒక్కో టైల్‌లో 3601 వరుసలు, వరుసకు 3601 గడులు ఉంటాయి. విప్పితే దాదాపు 26 మెగాబైట్లు. క్యూజీఐఎస్ అనే ఉచిత పటాల సాఫ్ట్‌వేరులో నేరుగా తెరుచుకుంటుంది. కొల్లేరు మొత్తం ఎన్16ఈ081 అనే ఒక్క టైల్‌లో ఇమిడిపోతుంది.

మన అక్షాంశాల దగ్గర ఒక గడి వైశాల్యం సుమారు 22 సెంట్లు. పాత 90 మీటర్ల గడి అయితే రెండెకరాలు. ఆ 22 సెంట్లలో గట్టు ఉన్నా, కాలువ ఉన్నా, కొబ్బరి తోట ఉన్నా అన్నిటికీ కలిపి ఒకటే అంకె రాసి ఉంటుంది, అదీ పూర్ణ మీటర్లలో, దశాంశం లేకుండా. ఆ అంకె ఎంతవరకు తప్పవచ్చో తయారీదారులు దాచలేదు. నూటికి తొంభై గడుల్లో తప్పు 16 మీటర్ల లోపు ఉండాలన్నది ఈ యాత్రకు పెట్టుకున్న నియమం. నేల మీది కొలతలతో పోల్చి చూసినప్పుడు యురేషియాలో ఆ తప్పు 6.2 మీటర్లని తేలింది. పెట్టుకున్న నియమం కంటే ఇది ఎంతో మెరుగు. కొల్లేరులో కలిసే తమ్మిలేరు వాగుకు ఎగువన మెట్ట ప్రాంతంలో పరీవాహక హద్దు గీసి చూశాను. గుట్టలు పదుల మీటర్ల ఎత్తున ఉండే చోట ఆరు మీటర్ల తప్పు ఒక లెక్కలోది కాదు. వాగు ఎటు మలుపు తిరిగిందో, ఏ గుట్ట నీరు ఏ వైపుకు జారుతుందో చక్కగా చూపించింది.

అదే తమ్మిలేరు కొల్లేరులోకి దిగేసరికి కథ మారిపోతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999లో +5 అడుగుల కాంటూరు వరకు, అంటే సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తున్న చోట్లను కలిపే గీత వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. ఆ తర్వాత +3కు తగ్గించాలన్న డిమాండు వచ్చింది. +3 దగ్గర సరస్సు వైశాల్యం 135 చదరపు కిలోమీటర్లే. రెండు అడుగుల తేడాలో సగానికి పైగా నేల లోపలి నుంచి బయటికి పోతుంది. +5 అడుగులంటే మీటరున్నర, ఆ రెండు గీతల మధ్య ఎడం 60 సెంటీమీటర్లు. ఒకటి, రెండు, మూడు అని పూర్ణ మీటర్లలో మాత్రమే లెక్కించే డేటాలో +5 కాంటూరు అనే గీత పుట్టడానికే అవకాశం లేదు.

అయినా ఆ గీత పుడుతూనే ఉంది. 2024 సెప్టెంబరులో, కొల్లేరులోనే కలిసే బుడమేరు విజయవాడను ముంచిన తర్వాత ముంపు పటాలు పట్టుకుని నా దగ్గరకు వచ్చేవారు ఎక్కువయ్యారు. కైకలూరు వైపు నుంచి వచ్చిన ఒక చేపల రైతు, ఎవరో ప్రైవేటు వారు రంగుల్లో ముద్రించి ఇచ్చిన పటాన్ని బల్ల మీద పరిచి, "ఈ గీత మా చెరువు మధ్యలోంచి పోతోందండీ, సగం చెరువు లోపల, సగం బయటానా?" అని అడిగారు. పటంలో అర మీటరుకొక కాంటూరు సన్నగా, నున్నగా, వంపులు తిరుగుతూ ఉంది. మూల డేటా ఏమిటని చూస్తే ఒక మూల చిన్న అక్షరాల్లో ఎస్‌ఆర్‌టీఎం అని ఉంది. గడుల మధ్య ఖాళీని సాఫ్ట్‌వేరు సూత్రం ప్రకారం పూరించి గీత లాగింది. ఆ గీతకు నేలతో ఏ చుట్టరికమూ లేదు. మరికొందరు డేటాను 10 మీటర్ల గడులుగా మార్చి నాణ్యత పెంచామంటారు. ఒక లీటరు పాలను మూడు గిన్నెల్లో పోసినంత మాత్రాన మూడు లీటర్లు కావు.

ఆ రైతు ఎదుటే టైల్ తెరిచి, ఆయన చెరువు చుట్టుపక్కల గడులను ఒక్కొక్కటిగా నొక్కి చూపించాను. బల్లపరుపు నేల మీద పక్కపక్క గడుల్లోనే అంకెలు ఒకటి రెండు మీటర్లు ఎగుడుదిగుడుగా కనిపించాయి. నీళ్లున్న చోట మాత్రం ఒకే అంకె పరుచుకుని ఉంది. దానికి కారణం కొలత కచ్చితం కావడం కాదు. 600 మీటర్లకు మించి పొడవున్న జలాశయాలను తయారీదారులే చదును చేసి ఒకే ఎత్తు రాశారు. పైగా ఇది 2000 ఫిబ్రవరి నాటి కొల్లేరు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట కొట్టేసిన గట్లు, ఆ తర్వాత మళ్లీ లేచిన గట్లు దీనికి తెలియవు. తెలిసినా 22 సెంట్ల గడిలో నాలుగు గజాల గట్టు కనిపించేది కాదు.

తప్పును లెక్కలోకి తీసుకుని వాడే పద్ధతి లేకపోలేదు. ఎత్తుల మీద తప్పు ఉండగల మేరకు యాదృచ్ఛికంగా అంకెలు కలిపి, నూరు సార్లు నూరు రకాల నేలలు తయారు చేసి, ప్రతిసారీ నీటి అంచు గీసి, ఒక గడి ఎన్నిసార్లు మునిగిందో లెక్కపెట్టాలి. ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. ఈ డేటాలో తప్పులు గడికొక రకంగా విడివిడిగా ఉండవు; పక్కపక్కన ఒకటి రెండు మీటర్ల ఎగుడుదిగుడు ఉన్నా, ఒక గడి ఎత్తుగా తప్పితే దాని చుట్టుపక్కలవీ చాలావరకు ఎత్తుగానే తప్పుతాయి. ఆ సంబంధాన్ని వదిలేసి విడివిడి తప్పులు కలిపితే అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుని, మొత్తం వైశాల్యం ఎంతో నమ్మకంగా ఉన్నట్టు ఫలితం వస్తుంది. సంబంధాన్ని పెట్టి చేస్తే కొల్లేరు అంచు గీతగా మిగలదు, ఊళ్లకు ఊళ్లను కలుపుకున్న వెడల్పాటి పట్టీ అవుతుంది. ఆ పట్టీని ముద్రించి ఇస్తే డబ్బులిచ్చేవారు మొహం చిట్లిస్తారు, అది వేరే సంగతి.

కొలిచే స్కేలు మారితే అంకె మారడం ఎత్తులకే పరిమితం కాదు. ఆంధ్రప్రదేశ్ తీరరేఖ 974 కిలోమీటర్లని మనం బడిలో చదువుకున్నాం. మరింత వివరమైన పటాల మీద తిరిగి కొలిచాక 1,053 అయింది. సముద్రం పెరగలేదు, వంపులను పట్టుకునే కొలబద్ద చిన్నదైంది. ఎస్‌ఆర్‌టీఎంలో ఇదే సంగతి వాలు దగ్గర ఎదురవుతుంది: పాపికొండల వంటి నిటారు చోట్ల 30 మీటర్ల గడుల నుంచి లెక్కించిన వాలు కంటే 90 మీటర్ల గడుల వాలు తక్కువగా వస్తుంది. కొండచరియల పటం చూసేటప్పుడు ముందు గడి పరిమాణం అడగండి.

మరో రెండు హెచ్చరికలు. రాడార్ చెట్ల మధ్యలోంచి పూర్తిగా నేలను చేరదు కనుక కోరింగ మడ అడవి ఉన్నదానికంటే ఎత్తైన నేలగా కనిపిస్తుంది. ఉప్పెన లెక్కలకు ఇది ప్రమాదకరమైన దిశలో తప్పు. రాడార్‌కు అందని ఖాళీలను మూడో వెర్షన్‌లో ప్రధానంగా ఆస్టర్ అనే వేరే డేటాతో పూరించారు. ఏ గడి ఎక్కడిదో చెప్పే ఎన్‌యూఎం అనే తోడు ఫైలు ఉంది, కానీ దాన్ని దించుకున్నవాళ్లు నాకు అరుదుగా తగిలారు.

ఈరోజు కొత్తగా మొదలుపెట్టేవారికి ఐరోపా వారి కోపర్నికస్ 30 మీటర్ల డేటా మేలు: 2011 నుంచి 2015 మధ్య కొలిచినది, ఎత్తులు దశాంశాల్లో ఉంటాయి, తప్పు నాలుగు మీటర్ల లోపు అంటారు. ఇస్రో వారి భువన్ వెబ్‌సైటులో దొరికే కార్టోశాట్ ఉపగ్రహ డేటా కూడా మంచిదే, అయితే దాని ఎత్తులు సముద్ర మట్టం నుంచి కాక గణిత దీర్ఘగోళం (భూమి ఆకారానికి లెక్కల కోసం వేసుకున్న నున్నటి నమూనా) నుంచి లెక్కించినవి. ఆ తేడా సవరించకపోతే తీరంలోని ఊళ్లన్నీ సముద్రానికి పదుల మీటర్ల కింద ఉన్నట్టు వస్తాయి. +5 కాంటూరు ప్రశ్నకు ఈ రెండూ జవాబు చెప్పలేవు. ఆ రైతుకు నేను కొత్త పటం ఇవ్వలేదు. బెంచ్ మార్కు (ఎత్తు కచ్చితంగా తెలిసిన సర్వే గుర్తు) నుంచి లెవెల్ మోసుకొచ్చే సర్వేయరును పిలిపించుకోమని చెప్పి పంపాను.