ఫెన్సింగ్ వేయిస్తున్నారా? గేజ్ మాట నమ్మకండి, కాంటా వేయించండి

పొలానికో ప్లాటుకో జాలీ ఫెన్సింగ్ వేయించబోతున్నవాళ్లు అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది ఒకసారి చదవండి. నేను డబ్బంతా ఇచ్చేశాక తెలుసుకున్నాను.

నల్గొండ జిల్లాలో మాకు ఎకరం తోట ఉంది. చుట్టుకొలత 860 అడుగులు. పోయినేడాది ఉగాది తర్వాత కంచె వేయించాం. నేనుండేది హైదరాబాద్‌లో, ఆదివారాలు మాత్రమే వెళ్తాను. మూడు చోట్ల ధర అడిగితే ఇద్దరు దాదాపు ఒకే రేటు చెప్పారు. మూడో అతను అడుగుకు 12 రూపాయలు తగ్గించాడు. జాలీ, సిమెంటు కడీలు (స్తంభాలు), గేటు, కూలి అన్నీ కలిపి లక్షా నలభై వేలు. "పన్నెండు గేజ్ జీఐ సార్, రెండించుల కన్ను, ఐదడుగుల ఎత్తు. పదేళ్లు దానివైపు చూడక్కర్లేదు, నాదీ పూచీ" అన్నాడు. గేజ్ అంటే తీగ మందం లెక్క, జీఐ అంటే జింకు పూత పట్టించిన ఇనుము, కన్ను అంటే జాలీలో ఒక్కో గడి. రేటు, మొత్తం ఒక తెల్ల కాగితం మీద గీకి ఇచ్చాడు. దాన్నే బిల్లనుకున్నాను.

ఒక్క వానాకాలం గడిచింది. దీపావళికి వెళ్లేసరికి జాలీ పై అంచున తీగ మెలిపెట్టిన ప్రతిచోటా ఎర్రగా తుప్పు. సంక్రాంతికి పక్క పొలం బర్రె మెడ రుద్దుకుంటే రెండు గజాల మేర జాలీ సాగి లోపలికి ఒరిగిపోయింది. మా బాబాయి వచ్చి తీగను వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇది పన్నెండు గేజని నీకెవడు చెప్పాడ్రా?" అన్నాడు. ముక్క కోసి వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లి వెర్నియర్‌తో (మందం కొలిచే పరికరం) కొలిపించాం. 2 మిల్లీమీటర్లు. అంటే 14 గేజ్.

గేజ్ లెక్క తలకిందులుగా ఉంటుంది, అంకె పెరిగితే తీగ సన్నబడుతుంది. 10 గేజ్ 3.25 మిల్లీమీటర్లు, 12 గేజ్ 2.64, 14 గేజ్ 2.03. పన్నెండుకీ పద్నాలుగుకీ కంటికి పెద్ద తేడా కనిపించదు. బరువులో మాత్రం 40 శాతం పోతుంది. ఐదడుగుల ఎత్తు, రెండించుల కన్ను ఉన్న 50 అడుగుల చుట్ట 12 గేజ్‌లో ఇంచుమించు 40 కిలోలు తూగాలి. 14 గేజ్‌లో పాతిక కూడా తూగదు. మా దగ్గర మిగిలిన పది అడుగుల ముక్కను కాంటా మీద పెడితే 5 కిలోలు చూపించింది, 8 దాటాల్సింది. మాకు పట్టింది 17 చుట్టలు. లెక్క వేసుకుంటే నాకు పదివేలు తగ్గించి, తను 250 కిలోలకు పైగా ఇనుము మిగుల్చుకున్నాడు. ఎంత దయగల మనిషో!

వెర్నియర్ ఒక్కటే పట్టుకెళ్లినా మోసపోవచ్చు. తీగ నిజంగా 12 గేజే ఇచ్చి, కన్ను మూడించులు చేస్తే చుట్ట బరువు మూడో వంతు తగ్గుతుంది. కట్టేటప్పుడు గట్టిగా లాగి తక్కువ చుట్టలతో ఎక్కువ దూరం సరిపెట్టేవాళ్లూ ఉన్నారు. అప్పుడు కన్ను పొడుగ్గా సాగి ఎత్తు తగ్గుతుంది. మా కంచె ఒకచోట నాలుగున్నర అడుగులే ఉంది. అందుకే మిల్లీమీటర్లు, కన్ను సైజు, చుట్ట బరువు మూడూ చూడండి. లారీ దిగగానే ఏదో ఒక చుట్టను మీరే ఎంచి తూకం వేయించండి. ఆకుపచ్చ ప్లాస్టిక్ పూత జాలీ అయితే ఇంకా జాగ్రత్త. 4 మిల్లీమీటర్లంటారు, గీకి చూస్తే లోపల తీగ రెండున్నరే ఉండొచ్చు. వాళ్లు చెప్పేది పూతతో కలిపి.

ఇక జింకు పూత. జీఐ అన్న రెండక్షరాలకు అర్థం చాలా సాగుతుంది. కరిగిన జింకులో ముంచి తీసిన తీగ వేరు, కరెంటుతో పల్చగా పూత పట్టించిన తీగ వేరు. కొత్తలో రెండూ మెరుస్తాయి, రెండోదే ఇంకా నున్నగా కనిపిస్తుంది. చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల జింకు ఉందో అడగండి, దాన్ని జీఎస్ఎం అంటారు. మనవాళ్లకు తెలిసిన మోటు పరీక్ష ఒకటుంది. తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమం కోసం తెచ్చిన మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ఉంటే గాజు సీసాలో నీళ్లతో చిక్కగా కలిపి, శుభ్రంగా తుడిచిన తీగ ముక్కను ఒక నిమిషం ముంచి, కడిగి తుడవండి. మంచి పూత అయితే ఇలా రెండు మూడు సార్లు ముంచినా రాగి అంటుకోదు. మా ముక్క మొదటి మునకకే రాగి చెంబులా మెరిసింది.

కడీల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఎనిమిది అడుగులకొకటి అన్నాడు, పదికొకటి పాతాడు. 106 ఉండాల్సిన చోట 86 ఉన్నాయి. లెక్కపెట్టుకోకపోవడం నా తప్పే. ఒకటి విరిగితే చూశాం, నాలుగు రాడ్లన్న చోట సన్నటి తీగలు మూడు. మూలల్లో ఏటవాలుగా ఆనించే సపోర్టు కడీలు అసలు లేవు. మాది నల్లరేగడి, ఎండకు నెర్రెలు బారుతుంది, వానకు ఉబ్బుతుంది. జాలీ లాగే బలమంతా మూల కడీల మీదే పడి నాలుగూ లోపలికి వంగాయి.

గేటు ట్రాక్టరు పట్టేలా 12 అడుగులది, రెండు రెక్కలు. "బీ క్లాస్ జీఐ పైపు" అన్నాడు. క్లాస్ అంటే పైపు గోడ మందం, ఏ పల్చన, బీ మధ్యరకం, సీ మందం. వచ్చింది మామూలు ఇనుప పైపు మీద సిల్వర్ పెయింటు. అసలు పైపుల మీద రంగు పట్టీ ఉంటుంది: ఏ క్లాస్‌కు పసుపు, బీకి నీలం, సీకి ఎరుపు. పైపులు కోసి వెల్డింగ్ చేయకముందే ఆ పట్టీ చూడాలి, తర్వాత పెయింటు కింద ఏముందో దేవుడికే తెలియాలి. పైగా రెక్కలో ఏటవాలు పైపు పెట్టలేదు. కింది బందు (కీలు) దగ్గర నుంచి అవతలి పై మూలకు ఒకటి ఉండాలి, లేకపోతే రెక్క బరువుకే కిందకు జారుతుంది. బందులు కూడా సిమెంటు కడీకే క్లాంపుతో బిగించాడు. గేటు మోయాల్సింది కాంక్రీటులో నిలబెట్టిన ఇనుప పైపు.

ఫోన్ చేస్తే "మార్కెట్లో అందరూ దీన్నే పన్నెండంటారు సార్" అన్నాడు. ఆ తర్వాత ఎత్తడం మానేశాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పాను. రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. కానీ నా దగ్గర ఉన్న తెల్ల కాగితంలో గేజ్ లేదు, షాపు పేరు లేదు, జీఎస్టీ నంబరు లేదు. వాట్సాప్‌లో "12 జి ఓకే సార్" అని అతను పెట్టిన ఒక్క మెసేజ్ దొరికింది. దాన్నే పట్టుకుని ఫిర్యాదు రాస్తున్నాను.

ఈ నెలలో గేటు వరకైనా మార్పించాలి. అప్పటిదాకా కుడి రెక్క కింద రాయి పెట్టి, మూసేటప్పుడల్లా ఇద్దరం పట్టుకుని పైకి ఎత్తుతున్నాం.