జేటేబుల్ సమీక్ష: పట్టికకు వంక లేదు, పేచీ అంతా డేటా ఇచ్చే దారిలోనే

1998లో జావా 1.2తో స్వింగ్ (విండోలు, బటన్లు గీసే జావా లైబ్రరీ) వచ్చినప్పటి నుంచీ డెస్క్‌టాప్ ఫారంలో పట్టిక అంటే అందులోని జేటేబులే. గీయడం, స్క్రోల్, కాలమ్‌లు జరపడం బాగానే ఉంటాయి. డేటాని ఏ కన్‌స్ట్రక్టర్‌తో (ఆబ్జెక్టుని తయారుచేసే కోడ్‌తో) ఇచ్చారన్న దాన్ని బట్టి మాత్రం దీని బుద్ధి మారిపోతుంది.

రెండు డైమెన్షన్ల అరేని (వరుసలు, గడులుగా పేర్చిన విలువల్ని) నేరుగా తీసుకునే కన్‌స్ట్రక్టర్‌కి నా మార్కు అయిదుకి ఒకటి. అందరూ మొదట నేర్చుకునేది అదే, ముందు మానేయాల్సిందీ అదే. అరేని అది కాపీ చెయ్యదు. సెల్‌లో టైప్ చేసి ఎంటర్ కొడితే విలువ మీ అరేలోకే పోతుంది. ఆ అరే స్టాటిక్ (క్లాసు మొత్తానికీ ఒక్కటే) అయి, అదే క్లాసుతో రెండు విండోలు తెరిచారనుకోండి. మొదటి విండోలో 250ని 300 చేస్తారు. రెండో దాంట్లో ఇంకా 250 అనే ఉంటుంది, దాని మోడల్ (పట్టికకి డేటా అందించే ఆబ్జెక్టు) వేరు కాబట్టి కబురు అందదు. ఆ వరుస మీద క్లిక్ చెయ్యగానే పట్టిక మళ్ళీ గీసుకుని 300 అయి కూర్చుంటుంది! ఇలాంటి బగ్‌ని పట్టుకోవడం ఎంత చిరాకో వేరే చెప్పాలా? ఫైనల్ అని రాసినా లాభం లేదు, అది కాపాడేది రిఫరెన్స్‌ని (వేరియబుల్ ఏ అరేని చూపిస్తోందన్న దాన్ని), లోపలి గడుల్ని కాదు. క్లోన్ చేసినా అంతే: బయటి అరే ఒక్కటే కొత్తది, లోపలి వరుసలు పాతవే. లూప్ పెట్టి ఒక్కో వరుసనీ విడిగా క్లోన్ చెయ్యాలి. పైగా ఈ దారిలో ప్రతి సెల్లూ ఎడిట్ అవుతుంది, బూలియన్‌కి (అవును/కాదు విలువకి) చెక్‌బాక్స్ రాదు.

స్వింగ్ సిద్ధంగా ఇచ్చే మోడల్ డిఫాల్ట్‌టేబుల్‌మోడల్‌కి మూడు. అరే ఇస్తే వెక్టర్లలోకి (పెరగగల జాబితాల్లోకి) కాపీ చేసుకుంటుంది, మీ అరే భద్రం. వెక్టర్ ఇస్తే మాత్రం దాన్నే పట్టుకుంటుంది. వరుస చేర్చే యాడ్‌రో కూడా అంతే: లూప్ బయట ఒక్క వెక్టర్ పెట్టుకుని ప్రతిసారీ క్లియర్ చేసి నింపితే, పట్టికలో వరుసలన్నీ ఆఖరి రికార్డే చూపిస్తాయి. వెక్టర్‌ని లూప్ లోపల కొత్తగా సృష్టిస్తే పోతుంది.

రెండు టేబుళ్లకి ఒకే మోడల్ కావాలనే ఇవ్వడం తప్పేమీ కాదు, అప్పుడు మార్పు రెండింటికీ తెలుస్తుంది. దాన్ని స్టాటిక్ చేస్తేనే ముప్పు. ప్రతి టేబులూ మోడల్‌లో లిజనర్‌గా (మార్పుల కబురు అందుకునేదిగా) నమోదవుతుంది. విండోని డిస్పోజ్ చేసినా ఆ నమోదు పోదు, దాంతో టేబుల్ మెమరీలోనే వేలాడుతుంది. మూసేముందు ఆ టేబుల్‌కి సెట్‌మోడల్‌తో ఒక ఖాళీ మోడల్ ఇవ్వండి. పాత మోడల్ నుంచి లిజనర్‌ని అదే తీసేస్తుంది.

మన మోడల్‌ని మనమే రాసుకోవడానికి పనికొచ్చే అబ్‌స్ట్రాక్ట్‌టేబుల్‌మోడల్‌కి నాలుగున్నర. రాయాల్సినవి మూడే మెథడ్‌లు: వరుసల సంఖ్య, కాలమ్‌ల సంఖ్య, సెల్ విలువ. ఎడిట్ కావాలంటే సెట్‌వాల్యూఎట్, ఈజ్‌సెల్‌ఎడిటబుల్ కూడా రాయాలి. డేటా లిస్టుని ఇన్‌స్టెన్స్ ఫీల్డుగా (ఒక్కో ఆబ్జెక్టుకీ విడిగా) ఉంచి, కన్‌స్ట్రక్టర్‌లోనే కాపీ చేసుకోండి. విలువ మార్చాక, టేబుల్‌కి ఆ కబురు చెప్పే ఫైర్‌టేబుల్‌సెల్‌అప్‌డేటెడ్ పిలవడం మర్చిపోవద్దు. పట్టిక నిర్మాణమే మారిందని చెప్పే ఫైర్‌టేబుల్‌స్ట్రక్చర్‌చేంజ్డ్ జోలికి పోతే మామూలుగా కాలమ్‌లు మళ్ళీ తయారై, యూజర్ సర్దుకున్న వెడల్పులు ఎగిరిపోతాయి.

అర మార్కు కోత సెల్స్‌ని గీసే రెండరర్‌కి. ఒకే ఆబ్జెక్టు అన్ని సెల్స్‌నీ గీస్తుంది కాబట్టి, మైనస్ అంకెకి ఎరుపు వేసి ఎల్స్‌లో నలుపు వెయ్యకపోతే ఆ తర్వాత గీసిన సెల్స్ కూడా ఎర్రబడతాయి.